ఏరి రాసుకున్న చట్టం

ఒక సీనియర్ న్యాయవాది, ఆయన ఆఫీసులో పనిచేసే జూనియర్. ఇద్దరికీ చరిత్ర అంటే ప్రాణం. అమెరికా తొలితరం లాయర్లు ఇంగ్లండు కామన్ లాను నోటు పుస్తకాల్లోకి రాసుకుని నేర్చుకున్న తీరు గురించి వాళ్ళ మధ్య మాట వచ్చింది. రాజునే వద్దన్న దేశం ఆ రాజు కోర్టుల చట్టాన్ని అంత శ్రద్ధగా ఎందుకు ఎక్కించుకుంది, ఆ రాత ఆ దేశానికి మేలు చేసిందా కీడు చేసిందా అన్నది వాదన. నేను పక్కన కూర్చుని విన్నాను. నాకు తోచింది మధ్యలో ఒకచోట చెప్తాను.

జూనియర్: గురువుగారూ, నాకు మొదట్నుంచీ మింగుడుపడనిది ఇదే. 1776 వేసవిలో వర్జీనియా ప్రతినిధులు ఒకపక్క రాజుతో తెగతెంపులు చేసుకుంటూ, రెండో పక్క ఇంగ్లండు కామన్ లా తమ దగ్గర అమల్లో ఉంటుందని ఆర్డినెన్సు చేశారు. రాజును దించి, రాజు నియమించిన జడ్జీల మాటను నెత్తిన పెట్టుకున్నారు. ఇది విప్లవం ఎలా అవుతుంది?

సీనియర్: మనమేం చేశాం? 1950 జనవరి 26న రాజ్యాంగం అమల్లోకొచ్చింది. 372వ అధికరణం ఏమంది? అంతకుముందున్న చట్టం, మార్చేదాకా, రద్దుచేసేదాకా, అలాగే నడుస్తుందంది. జెండా మారినంత మాత్రాన పొలం గట్టు తగాదా ఆగదు, ప్రామిసరీ నోటు మీద అప్పు మాఫీ కాదు. ఆ ఆర్డినెన్సులో నువ్వు వదిలేసిన ముక్క ఒకటుంది. ఇంగ్లండు పార్లమెంటు చేసిన చట్టాల్లో మొదటి జేమ్స్ రాజు నాలుగో ఏడాదికి ముందువే తమకు వర్తిస్తాయన్నారు. ఆ నాలుగో ఏడు అంటే వర్జీనియా కంపెనీకి పట్టా దొరికిన 1606. ఓడ ఎక్కేటప్పుడు మేం వెంట తెచ్చుకున్నది మాది, ఆ తర్వాత మమ్మల్ని అడగకుండా మీరు చేసుకున్నది మాది కాదు అని గీత గీశారు. అదీ వాళ్ళ లెక్క.

జూనియర్: గీత బాగానే గీశారు. కానీ చట్టాలకు గీత గీయడం తేలిక. కామన్ లా చట్టసభ చేసిన పుస్తకం కాదు కదండీ. వందల ఏళ్ళ తీర్పుల గుట్ట. పాతవి లా ఫ్రెంచిలో, ఇంకొన్ని లాటిన్‌లో. ఆ గుట్టను కాపీ కొట్టుకుంటూ కూర్చున్న కుర్రాడికి సొంత ఆలోచన ఎక్కణ్ణుంచి వస్తుంది?

సీనియర్: కాపీ కొట్టలేదమ్మాయ్, ఏరి రాశారు. థామస్ జెఫర్సన్ సంగతే తీసుకో. 1762లో విలియమ్స్‌బర్గ్‌లో జార్జ్ విత్ అనే లాయరు దగ్గర చేరాడు, 1767లో జనరల్ కోర్టులో వకాల్తాలు వేయడం మొదలుపెట్టాడు. ఆ చదువు కాలంలోనూ, తర్వాత కూడా నింపిన నోటు పుస్తకం ఇప్పటికీ ఉంది. దాదాపు 900 పద్దులు. ఒక్కో పద్దుకు ఒక నంబరు. కేసు పేరు, తేలిన పాయింటు, ఏ రిపోర్టులో ఏ పేజీ. సాల్కెల్డ్ రిపోర్టులు, లార్డ్ రేమండ్ రిపోర్టులు, కోక్ రిపోర్టులు. ముందు పద్దులు పొట్టిగా, కేసులకే పరిమితమై ఉంటాయి. పోనుపోను కుర్రాడు గట్టిపడ్డాడు. భూమి హక్కులు ఇలా ఎందుకున్నాయి, ఫ్యూడల్ పద్ధతి ఇంగ్లండులోకి ఎప్పుడొచ్చింది అని చరిత్రలోకి దిగాడు. స్కాట్లండు వాడైన లార్డ్ కేమ్స్ రాసిన న్యాయచరిత్ర నుంచి పేజీలకు పేజీలు ఎత్తి రాశాడు. తర్వాత కాలంలో కుర్ర లాయర్లకు సలహా చెప్తూ, చదివిన ప్రతి కేసునూ కుదించి రాసుకోండి, ఒక మాటతో పోయేచోట రెండు మాటలు వాడకండి అన్నాడు. ఇరవై పేజీల తీర్పును నాలుగు వాక్యాలకు దించాలంటే అందులో బలమెక్కడుందో తెలియాలి. నీకు రోజూ నేను చెప్పేది అదేగా.

జూనియర్: అందరికీ విత్ లాంటి గురువు దొరకలేదు. న్యూయార్క్‌లో విలియం లివింగ్‌స్టన్ అనే కుర్రాడు పెద్ద లాయరు ఆఫీసులో చేరాడు. 1745లో మారుపేరుతో పత్రికలో ధ్వజమెత్తాడు. చదువు చెప్తామని చేర్చుకుని ఏళ్ళతరబడి రిట్లూ దస్తావేజులూ నకళ్ళు రాయిస్తున్నారని ఆయన బాధ. ఆఫీసుకి ఫోటోకాపీ మిషన్లు ఈ కుర్రాళ్ళే. నేర్పుతామన్నందుకు వాళ్ళ దగ్గర డబ్బు కూడా తీసుకునేవాళ్ళు.

సీనియర్: లివింగ్‌స్టన్ కోపం న్యాయమైనదే. ఆ రోజుల్లో అచ్చు ఫారాలు తక్కువ, పుస్తకాలు ఓడల మీద రావాలి, ధర ఆకాశాన్నంటేది. ఆఫీసు నడవాలంటే రాయక తప్పదు. అయినా నకలు రాసిన చెయ్యి ఊరికే పోదంటాను. హెన్రీ క్లేని చూడు. పదహారేళ్ళప్పుడు, 1793లో, అదే విత్ దగ్గర రాతగాడిగా కుదిరాడు. విత్ అప్పటికి రిచ్‌మండ్‌లో ఛాన్సరీ కోర్టు జడ్జి. వయసు మీదపడింది, కీళ్ళ జబ్బుతో కుడిచెయ్యి సాగేది కాదు. ఆయన చెప్తుంటే క్లే రాసేవాడు. తీర్పుల మధ్యలో గ్రీకు వాక్యాలు వచ్చేవి. క్లేకి గ్రీకు రాదు. అక్షరం అక్షరం బొమ్మలా చూసి దించేవాడు.

జూనియర్: మీరే నా వాదన చెప్తున్నారు. అర్థం కాని అక్షరాన్ని భక్తిగా దించడం! దీన్నే కదా నేను అంటున్నది.

సీనియర్: తొందరపడకు. ఆ కుర్రాడే తర్వాత కెంటకీ వెళ్ళాడు, లాయరయ్యాడు, చట్టసభలో స్పీకరయ్యాడు. 1807లో అక్కడో బిల్లు వచ్చింది. ఇంగ్లండు తీర్పులేవీ కోర్టులో చదవకూడదు, పాతవైనా కొత్తవైనా. జనంలో ఆ వేడి ఉంది. న్యూజెర్సీ 1799లోనే అలాంటి చట్టం చేసింది, పెన్సిల్వేనియా 1810లో చేసింది. క్లే లేచి నిలబడి సవరణ పెట్టాడు. 1776 జూలై 4 తర్వాతి తీర్పులు వద్దు, అంతకుముందువి మనవి అన్నాడు. అదే నెగ్గింది. ఏది ఉంచాలో, ఏది తోసెయ్యాలో ఆయనకు తెలిసింది రాసి రాసి అరిగిన చేతి వల్లే.

జూనియర్: నాకు కెంటకీ రైతుల కోపమే బాగా అర్థమవుతుంది. కోర్టులో తన భూమి పోతోంది. ఎందుకు పోతోందో తనకెప్పటికీ దొరకని పుస్తకంలో ఉంది. అది లాయరు సంచిలో ఉంది. తెలియని నజీరు కింద మనిషి నలిగిపోతాడు. అలాంటివాడు ఆ పుస్తకాలన్నీ వద్దు పొమ్మంటే తప్పేముంది?

సీనియర్: కోపం సబబే, మందు సబబు కాదు. పాత నజీరు వద్దంటే జడ్జి ఇష్టమే చట్టమవుతుంది. జడ్జి ఎందుకలా అన్నాడో రాసి అచ్చువేస్తేనే ఆ కోపానికి మందు. కనెటికట్‌లో అదే చేశారు. జడ్జీలు కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టం తెచ్చారు. 1789లో ఎఫ్రాయిమ్ కర్బీ అనే లాయరు లిచ్‌ఫీల్డ్‌లో ఆ తీర్పుల పుస్తకం అచ్చువేశాడు. ఇంగ్లండు చట్టం ఎంత మెరుగైనదైనా మన పరిస్థితికి పూర్తిగా అతకదు, మన తీర్పులు మనకుండాలని ముందుమాటలో రాశాడు. అమెరికాలో లా రిపోర్టులు మొదలైంది అక్కణ్ణుంచి. మన మద్రాసులో ఆ పని చేసింది చీఫ్ జస్టిస్ సర్ థామస్ స్ట్రేంజ్, 1816లో. తీర్పు చెప్పినాయనే రాసుకున్నాడు. అమెరికాలో రాసింది లాయర్లు, కక్షిదారు పక్కన నిలబడేవాళ్ళు. ఆ తేడా చిన్నది కాదు.

జూనియర్: అదే లిచ్‌ఫీల్డ్‌లో టాపింగ్ రీవ్ లా స్కూలు గురించి చదివాను. ఇంటి పక్కన ఒంటిగది కట్టించి, 1784 నుంచి అందులో పాఠాలు. 1833 దాకా నడిచింది, వెయ్యిమందికి పైగా చదువుకున్నారు. పొద్దున గంటన్నర పాఠం, రీవో, ఆయనతో పాటు పాఠాలు చెప్పే గౌల్డో మెల్లగా చెప్తుంటే ఈక కలాలతో గబగబా రాసుకోవడం. మధ్యాహ్నం నుంచి దాన్ని శుభ్రంగా తిరగరాయడం, చెప్పిన ప్రతి కేసునూ రిపోర్టుల్లో వెతికి పేజీ సరిచూసుకోవడం. శనివారం పరీక్ష. కోర్సు పద్నాలుగు నెలలు. అయ్యేసరికి తోలు అట్టల సంపుటాలు, ఒక్కొక్కటి వందల పేజీలు. కుర్రాళ్ళు వాటిని గుర్రాల మీద వేసుకుని ఒహాయోకీ జార్జియాకీ తీసుకుపోయి, వాటితోనే ప్రాక్టీసు పెట్టారు. ఆ శ్రమను తక్కువ చెయ్యను. కానీ ఆ పాఠాలు గురువులు ఎందుకు అచ్చెయ్యలేదు? అచ్చయితే ఫీజు కట్టి వచ్చేవాడుండడు కనుక. చట్టం జనానికి తెలియాల్సింది, వీళ్ళకు జీవనాధారం. నాకు అది కొరుకుడుపడదు.

సీనియర్: జీవనాధారం కాబట్టే శ్రద్ధగా చేశారనుకోరాదూ? ఇంకోటి విను. జాన్ మార్షల్ 1780లో విలియం అండ్ మేరీ కాలేజీలో విత్ పాఠాలు విన్నాడు. సైన్యంలో కెప్టెను, కొత్త దళం ఏర్పడేదాకా ఖాళీ. దొరికింది కొన్ని నెలలే. మాథ్యూ బేకన్ సంగ్రహం ముందు పెట్టుకుని అక్షరక్రమంలో రాసుకుంటూ పోయాడు. ఏ తో మొదలుపెట్టి ఎల్ దాకా వచ్చి ఆగాడు. ఆ నోటు పుస్తకం మార్జిన్‌లో అక్కడక్కడా ‘పాలీ’ అని పేరు కనిపిస్తుంది. తర్వాత ఆయన పెళ్ళాడిన అమ్మాయి పేరది. సగంలో ఆగిన ఆ నోట్సుతో ప్రాక్టీసు పెట్టినవాడు 1801లో చీఫ్ జస్టిస్ అయ్యి, ముప్ఫైనాలుగేళ్ళు ఆ దేశ రాజ్యాంగానికి అర్థం చెప్పాడు. కామన్ లా కంచెలా చుట్టేస్తే ఆ మనిషి కొత్తది ఎలా చెప్పగలిగాడు?

జూనియర్: ఏ పుస్తకం నుంచి ఎక్కించారన్నది కూడా చూడాలి కదండీ. జెఫర్సనే తర్వాత మొత్తుకున్నాడు. పాత ఇంగ్లీషు జడ్జి కోక్ పుస్తకం చదివినంతకాలం లాయర్లు హక్కుల పక్షాన ఉన్నారు, ఇంగ్లండు చట్టం మీద బ్లాక్‌స్టన్ వ్యాఖ్యానాలు వచ్చాక ఆ తియ్యటి వచనానికి లొంగి రాజు పక్షానికి జారుకుంటున్నారు అని 1826లో మాడిసన్‌కి రాసిన ఉత్తరంలో ఆయన గోడు. బ్లాక్‌స్టన్ నాలుగు సంపుటాలూ 1771, 72లలో ఫిలడెల్ఫియాలో రాబర్ట్ బెల్ చవకగా అచ్చువేస్తే 800 పైచిలుకు చందాదారులు ముందే పేర్లిచ్చారు. కోక్‌తో కుస్తీపడేవాళ్ళు తగ్గిపోయారు. తర్వాత సుప్రీంకోర్టు జడ్జి అయిన జోసెఫ్ స్టోరీ కోక్ పుస్తకం ముందు కూర్చుని ఏడ్చానని తానే చెప్పుకున్నాడు.

సీనియర్: జెఫర్సన్ కూడా పందొమ్మిదేళ్ళప్పుడు స్నేహితుడికి రాసిన ఉత్తరంలో కోక్‌ని తిట్టిపోశాడులే. అయినా ఆ మొండి పుస్తకం ఇచ్చిన ఆయుధం చూడు. పార్లమెంటు చట్టం కూడా న్యాయానికి విరుద్ధమైతే చెల్లదన్న మాట కోక్ 1610లో డాక్టర్ బోనమ్ కేసులో అన్నాడు. ఇంగ్లండులో దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. 1761లో బోస్టన్‌లో, కస్టమ్స్ వాళ్ళు ఎవరింట్లోనైనా జొరబడి సోదా చేసే రిట్ల మీద వాదిస్తూ జేమ్స్ ఓటిస్ దాన్ని బయటికి తీశాడు. కేసు ఓడిపోయాడు. కానీ కోర్టులో కూర్చుని ఆ వాదన నోట్సు రాసుకున్న పాతికేళ్ళ కుర్రాడు జాన్ ఆడమ్స్. స్వాతంత్ర్యం పుట్టింది ఆ గదిలోనే అని ముసలితనంలో చెప్పుకున్నాడు. ఆ వాదన మనకు ఇంత తెలిసిందంటే ఆ కుర్రాడి కలం వల్లే.

ఇక్కడ నా మాట ఒకటి. ఈ నోటు పుస్తకాల్లో నన్ను పట్టి ఆపేది పాండిత్యం కాదు, ఆ కుర్రాళ్ళ ఒంటరితనం. లండన్‌లో ఇన్స్ ఆఫ్ కోర్టులో విందు భోజనాల మధ్య నేర్చుకునేదాన్ని అమెరికా కుర్రాడు కొవ్వొత్తి దగ్గర ఒక్కడే కూర్చుని నేర్చుకున్నాడు. అడగడానికి మనిషి లేడు. దేన్ని రాయాలో, దేన్ని వదలాలో తానే తేల్చుకున్నాడు. అలా తేల్చుకోవడం అలవాటైన మనిషికి, రాజు మాటను కూడా తూచి చూడాలన్న తెగువ వచ్చిందని నేను నమ్ముతాను. సీనియర్ గారి పక్షాన ఉన్నట్టే అనిపిస్తుంది కదా. కానీ జూనియర్ తర్వాత అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు.

జూనియర్: వదిలేసింది ఏమిటో కూడా అడుగుదామా? లిచ్‌ఫీల్డ్ నోటు పుస్తకాల్లో భార్యాభర్తల చట్టానికి ఒక భాగం ఉంది. పెళ్ళితో భార్య అస్తిత్వం భర్తలో కలిసిపోతుంది, ఆమె సొమ్ము అతనిది. ఆ మాటలు రాసుకున్న వెయ్యిమందిలో ఒక్క ఆడపిల్ల లేదు. 1776 మార్చిలో అబిగెయిల్ ఆడమ్స్ భర్తకు రాసింది కదా, కొత్త చట్టాలు చేసేటప్పుడు ఆడవాళ్ళను గుర్తుంచుకోండి, భర్తల చేతికి హద్దులేని అధికారం ఇవ్వకండి అని. జాన్ ఆడమ్స్ నవ్వి పారేశాడు. ఓటిస్ వాదనను వదలకుండా రాసుకున్న కలం అది!

సీనియర్: అది మచ్చే. రీవ్ కొంత కదిలాడు, 1816లో అచ్చయిన తన పుస్తకంలో భార్య హక్కుల విషయంలో బ్లాక్‌స్టన్‌తో విభేదించాడు. అది చాలదని నాకూ తెలుసు.

జూనియర్: ఇంకోటి. ఇంగ్లండు కామన్ లా ప్రకారం బిడ్డకు తండ్రి స్థితి వస్తుంది. ఎలిజబెత్ కీ అనే స్త్రీ, తండ్రి ఇంగ్లీషువాడు కనుక తనూ స్వతంత్రురాలినేనని వర్జీనియాలో దావా వేసి 1656లో గెలిచింది. 1662లో అసెంబ్లీ ఏం చేసింది? బిడ్డకు తల్లి స్థితే వస్తుందని చట్టం తెచ్చింది. కామన్ లా తమ ఆస్తిని కాపాడినచోట ఉంచుకున్నారు, తమ బానిసను విడిపించినచోట తుడిచేశారు. ఏరుకున్నారన్నారే, అదుగో ఆ ఏరుకోవడం.

సీనియర్: (కాసేపు ఆగి) దీనికి నేను జెఫర్సన్ పుస్తకంతోనే జవాబిస్తాను. 1770 ఏప్రిల్, హోవెల్ వర్సెస్ నెదర్లాండ్. శామ్యూల్ హోవెల్ ముత్తవ్వ తెల్లజాతి స్త్రీ. ఆమెకు నల్లజాతి మనిషి వల్ల పుట్టిన కూతుర్ని 31 ఏళ్ళు వచ్చేదాకా వెట్టిలో పెట్టింది అప్పటి చట్టం. ఆ వెట్టిలోనే ఆమెకు కూతురు, ఆ కూతురికి హోవెల్. ఇతనూ 31 దాకా వెట్టి చెయ్యాలని యజమాని. జెఫర్సన్ ఫీజు తీసుకోకుండా హోవెల్ తరఫున నిలబడ్డాడు. చట్టం మొదటి తరం గురించి చెప్పింది, తర్వాతి తరాలకు సాగదియ్యకూడదన్నాడు. ప్రకృతి న్యాయం ప్రకారం మనుషులందరూ స్వేచ్ఛగానే పుడతారన్నాడు. అవతల పక్షం లాయరు ఎవరనుకున్నావు? గురువు విత్. విత్ లేచి జవాబు చెప్పబోతే కోర్టు ఆయన్ని ఆపి, ఆయన పక్షాన తీర్పిచ్చేసింది. ఇదంతా ఎలా తెలుసు? జెఫర్సన్ రాశాడు కనుక. పాత లాయర్ల చేతిరాత రిపోర్టుల్లోంచి కొన్ని కేసులు తీసి, 1768 నుంచి 1772 దాకా తాను చూసినవి కలిపి పుస్తకం కట్టాడు. ఆయన పోయిన మూడేళ్ళకు, 1829లో అచ్చయింది. తన ఓటమిని తన చేత్తో రాసిపెట్టాడు. ఆ వాదన రికార్డులో మిగిలింది.

జూనియర్: మిగిలింది. ఆయన దగ్గర జీవితకాలంలో 600 మందికి పైగా బానిసలుగా ఉన్నారన్నదీ మిగిలింది. రాసిన మాట రాసినవాణ్ణే మార్చలేదు.

సీనియర్: విత్‌ని మార్చింది. అదే విత్, ఛాన్సలర్‌గా, రైట్స్ వర్సెస్ హడ్జిన్స్ కేసులో, వర్జీనియా హక్కుల ప్రకటన ప్రకారం పుట్టుకతో అందరూ స్వతంత్రులే, బానిస అని చెప్పేవాడే రుజువు చెయ్యాలని తీర్పిచ్చాడు. 1770లో శిష్యుడి నోట విన్న వాదనే కదా అది.

జూనియర్: అప్పీలులో ఏమైందో చెప్పరేం? 1806లో అప్పీలు కోర్టు జడ్జి సెయింట్ జార్జ్ టక్కర్ దావా వేసిన రైట్ కుటుంబానికి స్వేచ్ఛ ఖాయం చేశాడు, ఎందుకంటే వాళ్ళు రెడ్ ఇండియన్ స్త్రీ సంతతి. కానీ విత్ చెప్పిన కారణాన్ని కొట్టేశాడు. హక్కుల ప్రకటన నల్లవాళ్ళకు వర్తించదు, వాళ్ళ విషయంలో రుజువు భారం వాళ్ళదే అన్నాడు. 1803లో బ్లాక్‌స్టన్‌కి అమెరికా నోట్సు రాసి అయిదు సంపుటాలు అచ్చువేసిన టక్కర్ ఈయనే. విత్ శిష్యుడు, విత్ తర్వాత ఆ కాలేజీలో లా ప్రొఫెసర్. ఆ 1806లోనే జూన్‌లో విత్ విషప్రయోగంతో చనిపోయారు. అన్నం పెట్టి పెంచిన సోదరి మనవడి మీద కేసు. వంటింట్లో ఉన్న మనిషి లిడియా బ్రాడ్‌నాక్స్, విత్ స్వేచ్ఛ ఇచ్చిన నల్లజాతి స్త్రీ. ఆమెను సాక్షిగా పిలవలేదు. నల్లవాళ్ళు తెల్లవాడి మీద సాక్ష్యం చెప్పరాదని వర్జీనియా చట్టం. అతను విడుదలయ్యాడు. ఆమె చెప్పింది ఉత్తరాల్లో, జ్ఞాపకాల్లో మిగిలింది. కోర్టు రికార్డులో లేదు. ఇన్ని సంపుటాలు నింపిన మనుషులు ఆ ఒక్క వాంగ్మూలం రాసుకోలేకపోయారు.

సీనియర్: అది కామన్ లా కాదు, అసెంబ్లీ చట్టం.

జూనియర్: తెలుసండీ. చట్టసభలో కూర్చున్నదీ ఈ లాయర్లే కదా.

సీనియర్: ఒప్పుకున్నాను. నోటు పుస్తకం మనిషికి తూచడం నేర్పుతుంది. తూకంలో ఎవరిని వెయ్యాలో అది చెప్పదు, ఆ బాధ్యత రాసేవాడిది. నా పట్టు మాత్రం వదలను. రాసుకునే అలవాటే లేకపోతే హోవెల్ వాదన ఆ కోర్టు హాల్లోనే చచ్చిపోయేది. నువ్వీ రోజు టక్కర్‌ని నిలదియ్యడానికి ఆధారం కూడా ఉండేది కాదు. రేపు నీ నోట్సులో హోవెల్ కేసు ఎక్కించు. వాదన మొత్తం, ఓటమితో సహా.

జూనియర్: ఎక్కిస్తాను. దాని పైన 1662 చట్టం, కింద 1806 తీర్పు, టక్కర్ పేరుతో.

సీనియర్: రాయి. 1796లో బానిసత్వాన్ని క్రమంగా తీసెయ్యాలని ఆయన అచ్చువేసిన పుస్తకం సంగతి కూడా పక్కనే రాయి. లేకపోతే తెలియక అలా తీర్పిచ్చాడని చదివేవాళ్ళు అనుకుంటారు.